పోర్టు పనికి థింక్‌ప్యాడ్ టీ14 మంచిదా, టీ14ఎస్ మంచిదా?

అందరికీ నమస్కారం. మాది గాజువాక. విశాఖ పోర్టులో కార్గో సర్వే పని చేస్తాను, ల్యాప్‌టాప్ రోజూ బెర్తుల మీదే తిరుగుతుంది. పాతది మూడేళ్లకే మూలపడింది. ఉప్పుగాలికి ఎడమ హింజ్ స్క్రూలు తుప్పుపట్టి, మూత తెరిస్తే కిర్రుమంటోంది. ఎంటర్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడుతోంది.

ఈసారి లెనోవో వాళ్ల థింక్‌ప్యాడ్ అనుకుంటున్నాను. టీ14 ఐదో తరం ఇంటెల్ మోడల్‌లో ర్యామ్‌కు రెండు స్లాట్లున్నాయి కాబట్టి ఇప్పుడు 16 జీబీతో తీసుకుని తర్వాత పెంచుకోవచ్చు. టీ14ఎస్ సన్నగా ముచ్చటగా ఉంది గానీ ర్యామ్ బోర్డుకే అతికించేశారు, మొదట ఎంత తీసుకుంటే అంతే. నా మనసు మాత్రం దాని మీదే ఉంది, ఏం చేస్తాం!

మిల్-ఎస్‌టీడీ-810హెచ్ (పరికరాల గట్టిదనానికి అమెరికా సైన్యం పెట్టిన ప్రమాణం) పరీక్షల్లో ఉప్పు తుంపర పరీక్ష కూడా ఒకటి. కానీ ఆ పేరు వేసుకున్న ప్రతి మెషీన్‌కూ అన్ని పరీక్షలూ చేసి ఉండాలని లేదు. సముద్రం పక్కన వాడినవాళ్లు చెప్పండి, హింజ్‌లు, కేబుళ్లు పెట్టే పోర్టులు ఎన్నాళ్లు ఆగాయి? మిట్టమధ్యాహ్నం ఎండలో 400 నిట్స్ (వెలుగు కొలత) స్క్రీన్ మీద ఎక్సెల్ గళ్లు కనబడతాయా? డబ్బులు 32 జీబీకి పెట్టనా, మనిషి ఇంటికొచ్చి బాగుచేసే మూడేళ్ల వారంటీకి పెట్టనా?