‘ది మోర్, ది మెరియర్’లో ఈ ‘ది’ ఎక్కడిది?

ప్రశ్న (కందుకూరు నుంచి): పదో తరగతి చదివే మా అమ్మాయికి గ్రామర్ చెప్తూ ఒకచోట ఆగిపోయాను. ‘ది మోర్, ది మెరియర్’ (ఎంతమంది ఉంటే అంత సందడి), ‘ది సూనర్, ది బెటర్’ (ఎంత త్వరగా అయితే అంత మంచిది) అంటారు. ‘ది’ ఆర్టికల్ అయితే వెనక నామవాచకం ఉండాలి గదా? లేదు. క్రియ కూడా లేదు. మరి ఇది వాక్యం ఎట్లా అయింది? మాస్టారూ, కాస్త చెప్పండి.

జవాబు (నెల్లూరు నుంచి): మంచి చోట పట్టుకున్నారమ్మా. ఇది ఆర్టికల్ కాదు. పెద్ద నిఘంటువులు దీన్ని క్రియావిశేషణంగా విడిగా చూపిస్తాయి.

పాత ఇంగ్లీషుకు మనలాగే విభక్తులు ఉండేవి. ‘అది’ అనే మాటకు మన తృతీయా విభక్తి లాంటి రూపం ఒకటి ఉండేది. దానికి ‘అంత మేరకు’ అని అర్థం. ఇక్కడ నెల్లూరులో తిక్కన గారు భారతం రాస్తున్న 13వ శతాబ్దానికి అక్కడ ఆ విభక్తులు చాలావరకు రాలిపోయాయి. ఈ రూపం మాత్రం అరిగిపోయి, ఆర్టికల్‌తో కలిసిపోయినట్టు కనబడుతూ, ఈ పలుకుబళ్లలో నిలిచింది. అంటే మొదటి ‘ది’ మన ‘ఎంత’, రెండో ‘ది’ మన ‘అంత’.

క్రియ సంగతా? ‘ఎంత చెట్టుకు అంత గాలి’లో క్రియ ఏదమ్మా? అది లేదని మనకెప్పుడూ లోటు అనిపించలేదు. ఎంత, అంత అనే జంటే వాక్యాన్ని మోస్తుంది. ఇంగ్లీషులోనూ అంతే.

‘ది మోర్, ది మెరియర్’ అన్న మాట పాతదే. 14వ శతాబ్దపు ఇంగ్లీషు కావ్యంలోనే ఉంది. 1546లో ఇంగ్లీషు రచయిత జాన్ హేవుడ్ వేసిన సామెతల పుస్తకంలో దానికి జవాబు కూడా ఉంది: ఎంతమంది ఉంటే అంత సందడి అని ఒకరంటే, ఎంత తక్కువమంది అయితే అంత మంచి భోజనం అని ఇంకొకరంటారు. పెళ్లి భోజనాల్లో చివరి బంతిలో కూర్చున్నవాళ్లకు రెండోది బాగా తెలుసు.

మన పిల్లలు ‘హౌ మచ్ యు రీడ్, దట్ మచ్ యు లెర్న్’ అని రాస్తారు. ఎర్ర ఇంకు పడుతుంది, పడాలి కూడా. కానీ పిల్లవాడి ఆలోచన సరైనదే అని చెప్పి దిద్దితే మనసులో నిలుస్తుంది. ‘ది మోర్ యు రీడ్, ది మోర్ యు లెర్న్’ అని మార్చడమే. నేను క్లాసులో చేపల పులుసు చెప్తాను. రాత్రి దించిన పులుసు తెల్లారేసరికి మామిడికాయ పులుపంతా ముక్కలోకి దిగుతుంది. ఎంత ఊరితే అంత రుచి. ‘ది లాంగర్ ఇట్ సిట్స్, ది బెటర్ ఇట్ టేస్ట్స్.’ నెల్లూరు పిల్లలు దీన్ని మరిచిపోరు.

ఎక్కువమంది తప్పు చేసేది ఇంకోచోట. ‘ది మోర్ యు హ్యావ్ మనీ’ అని రాస్తారు. ‘ది మోర్ మనీ యు హ్యావ్’ అనాలి. తెలుగులో ‘ఎంత డబ్బుంటే’ అంటాం గదా, ఎంత పక్కనే డబ్బు. ఆ రెండింటినీ విడదీయకుండా ఉంచితే చాలు.

ప్రశ్న (కావలి నుంచి): పరీక్షల ముందు చెప్పే ‘ఆల్ ది బెస్ట్’ కూడా ఇదేనా మాస్టారూ?

జవాబు: కాదు నాయనా, అక్కడ ‘ది’ అచ్చమైన ఆర్టికలే. ‘బెస్ట్’ అనేది నామవాచకంలా నిలబడింది, అంతా మంచే జరగాలని. ‘ఆల్ ది బెటర్’లో ‘ది’ మాత్రం పైన చెప్పుకున్న ‘అంత మేరకు’ జాతిదే, ‘అంత మేరకు ఇంకా మంచిది’ అని. ‘నన్‌దిలెస్’, ‘నెవర్‌దిలెస్’ మధ్యలో ఇరుక్కున్న ‘ది’ కూడా ఇదే. ‘దానివల్ల ఏమీ తగ్గలేదు’ అన్న మాట ‘అయినా సరే’గా మారింది. ఆ రెంటినీ ఒకే మాటగా, ఖాళీ లేకుండా రాయాలి.