సెస్నా 172 టేకాఫ్: ఎడమ పక్కగాలి అంటే టెన్షన్

ప్రశ్న: టెక్సస్‌లో సెస్నా 172 అనే చిన్న విమానం మీద ఫ్లయింగ్ నేర్చుకుంటున్నాను. ఎడమవైపు నుంచి గాలి విసిరి విసిరి కొడుతుంటే టేకాఫ్ పరుగులో ముక్కు అటే లాగేస్తోంది. ఎందుకు?

జవాబు: తమ్ముడూ, ఫుల్ పవర్ పెట్టగానే ఇంజన్, ప్రొపెల్లర్ ప్రభావంతో విమానం ఎలాగూ ఎడమకే పోతుంది. పైగా గాలి తోకను కుడికి నెడుతుంది. కుడి రడ్డర్ (తోక చుక్కాని) పెడల్ గట్టిగా తొక్కాలి. యోక్ (విమానం స్టీరింగ్) మొదట పూర్తిగా ఎడమకు, వేగం పెరిగేకొద్దీ కొంచెం కొంచెం తగ్గించు. నేను స్టూడెంట్ల చేతులనే గమనిస్తుంటాను. పరుగు మొదలవగానే చాలామంది యోక్‌ను మధ్యకు తెచ్చేస్తారు, ఎడమ రెక్క లేచేది అప్పుడే! ఇంకోటి, తొందరపడి లేపొద్దు. గాలి ఒక్కసారిగా తగ్గితే విమానం పక్కకు జారుతూ చక్రాల మీద పడుతుంది. వేగం 55 నాట్ల (గంటకు దాదాపు 100 కి.మీ.) కన్నా కాస్త ఎక్కువ రానిచ్చి ఒకేసారి లేపు.

ప్రశ్నించినవారు: ఈ విమానానికి పక్కగాలి 15 నాట్లు లిమిటా అన్నా?

జవాబు: కాదు, విమానం టెస్ట్ ఫ్లైట్లలో చూపించిన పక్కగాలి అది. నువ్వు మాత్రం అంతదాకా వెళ్లకు. లెక్క గస్ట్‌తో (ఒక్కసారిగా వచ్చే గాలి విసురుతో) వెయ్యి: రన్‌వేకు 60 డిగ్రీల పక్కనుంచి 12 నాట్లు, గస్ట్ 20 అంటే పక్కగాలి 17 దాకా వస్తుంది.

మరో జవాబు: నేలమీదుండగానే దారి తప్పితే వెంటనే పవర్ తీసెయ్యండి. లాగి లేపాలని చూడకండి, ప్లీజ్.