చెట్ల సంరక్షణలో పని చేయాలంటే ఎమ్మెస్సీనా, ఉద్యోగమా?

వేపచిగురు:
సిద్దిపేట జిల్లా ములుగు ఫారెస్ట్రీ కాలేజీలో నా బీఎస్సీ ఈ ఏడాదితో అయిపోతుంది. నాకు అడవికంటే ఊళ్లో చెట్లంటేనే ఇష్టం, రోడ్ల పక్కన, అపార్ట్‌మెంట్లలో ఉండే పెద్ద చెట్లని కాపాడే పని చేయాలని ఉంది. ఇంట్లోనేమో ఎమ్మెస్సీ చెయ్యమంటున్నారు. గచ్చిబౌలి వైపు ఒక కాంట్రాక్టర్ దగ్గర పని దొరికింది, జీతం తక్కువే. అక్కడ చెట్టెక్కేవాళ్లలో పది దాటినవాళ్లు తక్కువ, కానీ కొమ్మని చూడగానే ఎటు పడుతుందో చెప్పేస్తారు. వాళ్ల మధ్య నా చదువు దేనికైనా పనికొస్తుందా? పీజీ లేకపోతే తర్వాత వెనకబడతానా? చాలా టెన్షన్‌గా ఉంది.

మోకు:
తమ్ముడూ, ముందు పనిలో చేరు. మా నాన్న కల్లు గీసేవాడు, చెట్టెక్కడం నాకు ఇంట్లోనే వచ్చింది, అయినా కొమ్మ కొయ్యడం మాత్రం వేరే వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సి వచ్చింది. పెద్ద కొమ్మని మొదలుకి జానెడు దూరంలో ముందు కింది నుంచి కొంత కోసి, తర్వాత దానికి కాస్త అవతల పైనుంచి కోస్తే, బరువుకి తెగి పడినా మానుమీది బెరడు చీలదు. మిగిలిన మోడుని మొదట్లో ఉబ్బుగా ఉంటుంది చూడు, దాన్ని ముట్టుకోకుండా బయటనుంచి తీసెయ్యాలి, గాయం మూసుకునేది అక్కడినుంచే. ఇదంతా నువ్వు చదివే ఉంటావు. తాడు మీద వేలాడుతూ, పక్కన కరెంటు తీగలు, కింద కార్లు ఉండగా చెయ్యడం మాత్రం చేస్తేనే వస్తుంది.

రాజేంద్రనగర్ అక్క:
మోకు అన్న చెప్పింది నిజమే, కానీ చదువుని తక్కువ చెయ్యొద్దు. కొన్నేళ్ల కింద తెలంగాణ అంతా వేపచెట్ల కొమ్మలు చివర్లనుంచి ఎండిపోయాయి గుర్తుందా? ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల. మా కాలనీలో చచ్చిపోయాయనుకుని కొన్నిటిని కొట్టించేశారు, పక్క వీధిలో అలాగే వదిలేసినవి మళ్లీ చిగురించాయి! రోగమేంటో తెలిసినవాళ్లు ఒక్కరున్నా అవీ బతికేవి, నాకు ఇప్పటికీ బాధే. పైగా చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం కింద అనుమతి కావాలి, ఆ చెట్టుని ఎందుకు ఉంచాలో కాగితం మీద రాసి ఒప్పించడానికి కూడా చదువే కావాలి.

ఆకురాయి:
అంతర్జాతీయంగా చెల్లే ఐఎస్ఏ (ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్) ఆర్బరిస్ట్, అంటే చెట్ల సంరక్షణ నిపుణుడి సర్టిఫికెట్ సంగతి చూసుకో. చదువు లేకుండా పరీక్ష రాయాలంటే మూడేళ్ల పని అనుభవం అడుగుతారు, సంబంధిత నాలుగేళ్ల డిగ్రీ ఉంటే ఒక ఏడాది చాలు. అంటే నీ బీఎస్సీ వృథా ఏమీ కాదు, దానికి పని తోడవ్వాలంతే. పాఠాలు చెప్పడమో పరిశోధనో నీ మనసులో ఉంటే ఎమ్మెస్సీ తప్పదు, లేకపోతే రెండేళ్లు ఆగి చేసినా నష్టమేం లేదు, అప్పటికి ఏ సబ్జెక్టు తీసుకోవాలో నీకే తెలుస్తుంది.

వేపచిగురు:
థాంక్సండీ అందరికీ. చేరేముందు ఆ కాంట్రాక్టర్‌ని ఏమడగాలి?

మోకు:
హెల్మెట్, నడుముకి బెల్టు, మంచి తాళ్లు వాళ్లే ఇస్తారా, ఇన్సూరెన్స్ ఉందా, తీగల దగ్గర కొట్టేముందు లైన్ ఆపిస్తారా అని అడుగు. వీటిలో ఏ ఒక్కదానికి నసిగినా వేరే చోటు వెతుక్కో తమ్ముడూ.