రెక్ అంటే శిథిలమేనా?

మన గుంపులో ఒక మిత్రులు అడిగారు: "వాణిజ్య నౌకాయాన చట్టం మీద తెలుగులో వ్యాసం రాస్తున్నాను. 'రెక్' (wreck) అన్న మాట పదే పదే తగులుతోంది. 'నౌకా శిథిలం' అంటే సరిపోతుందా?" ఒక్క ముక్కలో సరిపోదని చెప్పి ఊరుకోవచ్చు. కానీ ఈ మాట వెనక చాలా కథ ఉంది, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను. నా సూచన ముందే చెబుతాను: ఓడచేటు సొత్తు.

ముందు సందర్భం. 2025లో మన పార్లమెంటు సముద్ర వ్యవహారాల మీద ఒకే ఏడాదిలో ఐదు చట్టాలు చేసింది. 1856 నాటి బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడకెక్కించిన సరకు పత్రం) చట్టం, 1908 నాటి రేవుల చట్టం, 1925 నాటి సముద్ర సరకు రవాణా చట్టం, 1958 నాటి వాణిజ్య నౌకాయాన చట్టం, అన్నీ పక్కకు జరిగి కొత్తవి వచ్చాయి. వాణిజ్య నౌకాయాన బిల్లు ఆగస్టు 6న లోక్‌సభ దాటింది, 11న రాజ్యసభ దాటింది. ఆ రోజుల్లో సభలు ఎంత గందరగోళంగా నడిచాయో అందరికీ గుర్తుండే ఉంటుంది. చర్చ నలిగి ఉంటే దానితోపాటు మాటలూ నలిగేవి. పత్రికలు నాలుగు రోజులు రాసేవి, ఏ మాట నిలుస్తుందో తేలేది. ఆ అవకాశం లేకపోయింది. ఇంత పెద్ద తీరరేఖ ఉన్న భాషవాళ్లకు అది నష్టమేనని నా బాధ.

అనువాదం చిన్న విషయం కాదా అంటారేమో. లోక్‌సభలో ఇప్పుడు తెలుగులోకి అప్పటికప్పుడు అనువాదం నడుస్తోంది. అక్కడ కూర్చున్నవారికి నిఘంటువు తిరగేసే వ్యవధి ఉండదు, నాలుక మీద ఉన్న మాటే వాడాలి. ఇంకో సంగతి, 1973 నాటి ఒక చట్టం ప్రకారం కేంద్ర చట్టానికి రాష్ట్రపతి అధికారంతో వెలువడిన ప్రాంతీయ భాషా పాఠం ఆ భాషలో అధికారిక పాఠమే అవుతుంది. కాబట్టి తెలుగు చట్టంలో పడిన మాట ఉత్తి తర్జుమాగా ఉండిపోదు.

ఇక రెక్. 1958 చట్టం నిర్వచనం చూడండి. ఓడలోంచి సముద్రంలోకి విసిరేసి మునిగిపోయిన సరకు రెక్. నీటి మీద తేలుతున్న సరకు రెక్. మళ్లీ వచ్చి తీసుకుందామని బోయా (నీటి మీద తేలే గుర్తు) కట్టి ముంచిన సరకు కూడా రెక్. దక్కుతుందన్న ఆశ వదులుకుని విడిచిపెట్టిన ఓడా రెక్కే. ఈ నాలుగింటిలో మూడు అసలు ఓడలే కావు, వాటిలో శిథిలమైనది ఏముంది?

శిథిలం అనగానే తెలుగువాడికి హంపి గుర్తొస్తుంది, కూలిన గోడ గుర్తొస్తుంది. కాలం తినేసిన వస్తువుకు వాడే మాట అది. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు లంగరు నిలవక బంగ్లాదేశ్ ఓడ ఒకటి విశాఖ తెన్నేటి పార్కు దగ్గర రాళ్ల మీదికి వచ్చింది కదా. ఓడ నిక్షేపంగా నిలబడి ఉంది, జనం ఫొటోలు దిగారు. దాన్ని శిథిలం అనడానికి ఎవరికి నోరొస్తుంది? అప్పుడు అందరి నోటా వచ్చిన మాట "ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడ". 2022 మేలో అసని తుపాను వేళ శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరానికి బంగారు రంగు రథం లాంటిది వచ్చినప్పుడూ ఇదే మాట: "కొట్టుకొచ్చింది". జనం దానికి తాళ్లు కట్టి పైకి లాగారు. అంటే ఈ పనికి మన భాషలో బతికున్న క్రియ ఒకటి ఉంది. మనం దాన్ని వదిలేసి గుడి గోడల దగ్గరి నామవాచకాన్ని అరువు తెస్తున్నాం.

ఒకప్పటి రేవు మోటుపల్లి సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే 1244–45లో, అక్కడ వేయించిన అభయశాసనం తెలుగు నేల మీద మనకు దొరికే సముద్ర చట్టాల్లో తలమానికం. దాని సారాంశం ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడలు తుపాను దెబ్బకు విరిగి ఒడ్డున పడితే, వెనకటి రాజులు అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే మిన్న అనుకుని సముద్రం మీదికి సాహసించినవారి మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం, మేము నిర్ణయించిన సుంకం తప్ప తక్కినదంతా వారికే విడిచిపెడుతున్నాం. సుంకం ముప్పయ్యింట ఒక వంతు.

శాసనంలో ఆ సుంకానికి వాడిన మాట కౢప్తశుల్కం. ఇవాళ క్లుప్తం అంటే మనకు పొట్టిగా చెప్పడమే, అక్కడ దాని అర్థం నిర్ణయించినది, స్థిరపరచినది. రాజు ఇష్టం వచ్చినంత గుంజడు, ఇంత అని ముందే చెప్పి అంతే తీసుకుంటాడు. వ్యాపారికి కావలసిన అభయం అంతా ఆ ఒక్క విశేషణంలో ఉంది. తర్వాత 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు. మాట ఇచ్చి నిలుపుకుంటేనే రేవుకు ఓడలొస్తాయని ఇద్దరికీ తెలుసు.

శాసనానికీ మన ప్రశ్నకూ ముడి ఎక్కడంటే, గణపతిదేవుడి చూపులో ఒడ్డున పడినది ఒకరి సొత్తు. సముద్రం దాన్ని విసిరేసినంత మాత్రాన సొంతదారు హక్కు పోదు. 1958 చట్టం చెప్పిందీ అదే. ఆ చట్టం ప్రకారం రెక్ రిసీవర్ అని ఒక అధికారి ఉంటాడు. దొరికిన వస్తువును ఆయనకు అప్పగించాలి. సొంతదారు ఏడాదిలోగా వచ్చి రుజువు చూపి, ఖర్చులు కట్టి తీసుకుపోవచ్చు. ఏడు వందల ఏళ్లు దాటినా నడిమి సూత్రం కదల్లేదు.

ఈ సూచన మీద గుంపులో వచ్చిన అభిప్రాయాలకు ఒక్కొక్కటిగా నా జవాబులు:

"కడలిపాలు అంటే ఎంత బాగుంటుంది! నీళ్లపాలు, అగ్గిపాలు లాగా. తేలినా మునిగినా అన్నిటికీ సరిపోతుంది."

వినగానే నాకూ మనసు లాగింది. చెవికి ఇంపుగా ఉంది, నాలుగు రకాలూ ఇముడుతాయి. అయితే పాలు అంటే వాటా. కడలిపాలైంది అంటే కడలి వాటాకు పోయింది, ఇక మనది కాదు అని. చట్టం దీనికి సరిగ్గా ఎదురు చెబుతోంది. సొంతదారు హక్కు తీసేసే మాటను అతని హక్కు కాపాడే చట్టంలో పెట్టకూడదు. పద్యంలోకి, కథలోకి అయితే హాయిగా వాడుకోండి.

"ఎందుకండీ ఈ అవస్థ? రెక్ అనే ఉంచితే పోలా? పోర్టు, కంటెయినర్ అనడం లేదూ?"

పోర్టు అందరి నోళ్లలో నానిన మాట, దానితో పేచీ లేదు. రెక్ అలా కాదు. ఈ చట్టం మొట్టమొదట తగిలేది వేటకు పోయే మనిషికి. వలలో పీపా పడినా, తెల్లవారుజామున ఇసుక మీద పెట్టె కనిపించినా కబురు చెప్పాల్సింది ఆయనే. 2025 మేలో లైబీరియా జెండాతో నడుస్తున్న ఎంఎస్‌సీ ఎల్సా 3 అనే ఓడ కొచ్చి దగ్గర మునిగినప్పుడు అందులో సుమారు 640 కంటెయినర్లు ఉన్నాయి. కొన్నిటిలో కాల్షియం కార్బైడ్, అది నీళ్లు తగిలితే మండే వాయువును వదులుతుంది. పెట్టెలు కొల్లం ఒడ్డుకు కొట్టుకొచ్చాయి, ప్లాస్టిక్ గుళికలు తిరువనంతపురం దాకా ఇసుకలో కలిశాయి. దగ్గరికి పోవద్దు, ముట్టుకోవద్దు అని హెచ్చరించాల్సి వచ్చింది. రేపు అలాంటి హెచ్చరిక బారువ నుంచి తడ దాకా ఏ ఊళ్లో అంటించాల్సి వచ్చినా, "రెక్ ముట్టరాదు" అని రాస్తే ఎవరికి అర్థమవుతుంది? "ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెట్టెలు, పీపాలు ముట్టుకోకండి, వెంటనే చెప్పండి" అని రాయాలి. ఇది ప్రాణాలతో పని.

"ప్లాస్టిక్ గుళికలను సొత్తు అంటారా? వాటిని ఎవరు వెనక్కి అడుగుతారు?"

చాలా మంచి ప్రశ్న. నేను సొత్తు అన్న మాటనే పట్టుకోవడానికి అసలు కారణం ఇదే. వెనకటి చట్టాల్లో రెక్ అంటే దక్కించుకోవలసిన విలువ. రెక్ తొలగింపు మీద దేశాల మధ్య కుదిరిన 2007 నాటి నైరోబీ ఒప్పందం దాన్ని తొలగించవలసిన ప్రమాదంగా చూసింది. ఆ ఒప్పందంలో భారత్ 2011లో చేరింది. దాని ప్రకారం ఓడలోంచి జారిపడి సముద్రంలో మునిగినా, తేలినా, ఇసుకలో కూరుకుపోయినా అది రెక్కే, ప్రమాదకరమైతే తీసేయించే బాధ్యత ఓడ యజమానిదే. హక్కు చెప్పుకోవడానికి పరుగున వచ్చేవాడు, శుభ్రం చేయమనేసరికి మాది కాదనకూడదు. సొత్తు అంటే ఆ రెండు వైపులా పట్టు దొరుకుతుంది. శిథిలానికి యజమాని ఉండనక్కర్లేదు. సొత్తుకు ఉండి తీరాలి. తీరం పాడైతే ఎవరిని నిలదీయాలో ఆ మాటే చెబుతుంది.

"ఎల్సా కేసులో ఇంకో ఓడను అరెస్టు చేశారని చదివాను. ఓడను అరెస్టు చేయడం ఏమిటి?"

2017 నాటి అడ్మిరాల్టీ (ఓడల దావాల) చట్టం కింద దావా ఓడ మీదే వేయవచ్చు, హామీ సొమ్ము కట్టేదాకా అది రేవు దాటకుండా హైకోర్టు ఆపవచ్చు. కేరళ ప్రభుత్వం పరిహారం కోరుతూ వేసిన దావాలో విళింజం రేవులో ఉన్న ఓడను అలాగే ఆపారు. ఓడ నిలుపుదల అంటే చాలు. అరెస్టు అంటే బేడీలు గుర్తొస్తాయి.

"సాల్వేజ్‌కు, అంటే ఆపదలో పడ్డ ఓడనో సరకునో కాపాడటానికి, ఏమంటారు మరి?"

గట్టెక్కింపు. ఆపదలోంచి బయటపడేయడానికి మనం రోజూ వాడే మాట, పుట్టిందే నీటి ఒడ్డున. గట్టెక్కించినవారికి ఇవ్వవలసినది గట్టెక్కింపు ప్రతిఫలం. దీని మీద ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

వ్యాసం రాస్తున్న మిత్రులకు నా సూచన: జరిగిన సంఘటనకు ఓడచేటు, దానివల్ల సముద్రంలోనో ఒడ్డునో పడినదానికి ఓడచేటు సొత్తు. నిర్వచనం తెలుగులో ఇలా ఉండవచ్చు: "ఓడచేటు సొత్తు అనగా ఓడ నుండి సముద్రమున పడి మునిగినదియు, తేలుచున్నదియు, గుర్తు కట్టి ముంచినదియు, ఒడ్డునకు కొట్టుకొని వచ్చినదియు అగు సరకు, తిరిగి దక్కునన్న ఆశ విడిచి వదలివేసిన ఓడయు, దాని భాగములును." ఇది గ్రాంథికంలో ఉంది, చట్టాలవారు అలాగే అడుగుతారు కాబట్టి. వాడుక భాషలో ఇంతకన్నా తేలిగ్గా రాయగలిగినవారు కింద రాయండి.