చదరంగపు వడ్ల సంఖ్యకు కారణాంకాలు రాబట్టడం ఎలా?

ప్రశ్న (గణితోపాధ్యాయుడు, అమలాపురం ప్రాంతం):
మాస్టారూ, నమస్కారం. చదరంగపు బల్ల మొదటి గడిలో ఒక వడ్లగింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు చొప్పున రెట్టిస్తూ పోతే 64 గడులకూ కలిపి 2⁶⁴ − 1, అంటే 1,84,46,74,40,73,70,95,51,615 గింజలు పడతాయని తొమ్మిదో తరగతిలో చెప్పాను. ఈ సంఖ్యను ఏవేవి నిశ్శేషంగా భాగిస్తాయని ఒక అమ్మాయి అడిగింది. కంప్యూటరు పట్టికలో కొట్టి చూస్తే చివరి ఐదు అంకెలూ సున్నాలైపోయాయి. చేత్తో చేసే దారి ఉంటే దయచేసి చెప్పండి.

జవాబు (విశ్రాంత గణితాధ్యాపకుడు, తణుకు):
మాస్టారూ, ఆ పట్టిక 15 అంకెల వరకే నిలుపుకొంటుంది కనుక దాన్ని పక్కన పెట్టండి. అంకెల మొత్తం 87 కాబట్టి సంఖ్య 3తో పోతుంది, 9తో పోదు. చివర 5 ఉంది కాబట్టి 5తోనూ పోతుంది. మిగిలిన పనంతా మీ పిల్లలకు వచ్చిన a² − b² సూత్రమే చేసిపెడుతుంది. 2⁶⁴ − 1ని (2³² + 1)(2³² − 1)గా విడదీసి, రెండో కుండలీకరణాన్ని మళ్లీ మళ్లీ అలాగే విడదీస్తూ వస్తే చివరికి 3 × 5 × 17 × 257 × 65,537 × 4,29,49,67,297 మిగులుతుంది. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఆరోది కూడా ప్రధాన సంఖ్యేనని గణితవేత్త ఫెర్మా భావించాడు. అది 641 × 67,00,417 అని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ తేల్చాడు.

ప్రశ్న:
కృతజ్ఞతలండి. అంత పెద్ద భాగాహారం చేయకుండానే 641 భాగిస్తుందని పిల్లలకు చూపించగలమా?

జవాబు:
తప్పకుండా చూపించవచ్చు, నాకు ఎంతో ఇష్టమైన నిరూపణ ఇది. 641 అంటే 5⁴ + 2⁴, అంటే 625 + 16. దీన్ని 2²⁸తో గుణిస్తే 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది కనుక ఈ మొత్తం 641కి గుణిజం. మరోవైపు 641 అంటే 640 + 1, 640 అంటే 5 × 2⁷. కాబట్టి 5⁴ × 2²⁸ − 1 అనేది 640⁴ − 1 తప్ప మరొకటి కాదు; దాన్ని విడదీస్తే 640 + 1 ఒక కారణాంకంగా బయటపడుతుంది, అంటే ఇదీ 641కి గుణిజమే. మొదటిదానిలోంచి రెండోది తీసివేయండి, సరిగ్గా 2³² + 1 మిగులుతుంది. నల్లబల్ల మీద ఈ రెండు వరుసలనూ ఒకదాని కింద ఒకటి రాసి, తీసివేత పిల్లల చేతనే చేయించండి.

67,00,417 ప్రధాన సంఖ్య అని నిర్ధారించుకోవడానికి దాని వర్గమూలం, అంటే సుమారు 2,588 వరకు ఉన్న ప్రధాన సంఖ్యల్లో 64తో భాగిస్తే 1 శేషం వచ్చేవాటిని మాత్రమే పరీక్షిస్తే సరిపోతుంది, ఎందుకంటే 2³² + 1కి ఉండే ప్రధాన కారణాంకాలన్నీ ఆ రూపంలోనే ఉంటాయని ఆయిలరే నిరూపించాడు.

ప్రశ్న:
అయితే భాజకాలు మొత్తం ఎన్ని?

జవాబు:
ఏడు ప్రధాన కారణాంకాలూ ఒక్కొక్కసారే వచ్చాయి. ఒక్కొక్కదాన్ని తీసుకోవచ్చు, వదిలేయవచ్చు. కనుక 2⁷, అంటే 128.