అప్‌డేట్: బ్లాక్ తయారీ బయటివాళ్లకే ఇచ్చాను, ఒక షరతుతో

విజయవాడ పటమటలో ఇంటి దగ్గరే ఇథీరియం వాలిడేటర్ (ఆ క్రిప్టో నెట్‌వర్క్‌లో లావాదేవీల కట్టలని, అంటే బ్లాక్‌లని, తన వంతు వచ్చినప్పుడు ప్రతిపాదించేది) నడుపుతున్నాను, ఎంఈవీ-బూస్ట్ (బ్లాక్ తయారీని బిల్డర్లనే బయటివాళ్లకి అప్పగించే సాఫ్ట్‌వేర్) పెట్టుకోవాలా వద్దా అని ఇదివరకు అడిగాను కదా. పెట్టాను.

బ్లాక్‌లో ఏముందో చూడకుండా సంతకం ఎలా చేస్తావని చాలామంది అడిగారు. నిజమే, చూడం. బిల్డర్లు లావాదేవీలు పేర్చి, మనకిచ్చే మొత్తం (బిడ్) చెబుతూ మధ్యవర్తి సర్వర్ అయిన రిలేకి పంపుతారు. మన వంతు వచ్చినప్పుడు రిలే అన్నిటికంటే ఎక్కువ బిడ్ ఉన్న హెడర్ (లోపలి లావాదేవీలు లేని బ్లాక్ సారాంశం) మాత్రమే ఇస్తుంది. సంతకం చేశాకే పూర్తి బ్లాక్ బయటికొస్తుంది. ముందే చూపిస్తే బిల్డర్ లాభాన్ని మనమే లాగేసుకోవచ్చు కదా! గుంటూరు మిర్చి యార్డులో రైతుకీ కొనేవాళ్లకీ మధ్య ఉండే కమీషన్ ఏజెంట్‌లాగా, రిలేని రెండు వైపులా నమ్మాల్సిందే. 2023 ఏప్రిల్‌లో రిలే సాఫ్ట్‌వేర్‌లోని లోపం వల్ల బ్లాక్ లోపలిది ముందే బయటపడి, సుమారు 2.5 కోట్ల డాలర్లు దారి మళ్లాయి.

అందుకే మిన్-బిడ్, అంటే కనీస బిడ్ పరిమితి, పెట్టాను. బిడ్ అంతకంటే తక్కువైతే నా నోడే (ఇంట్లో ఉన్న నా కంప్యూటరే) బ్లాక్ కడుతుంది. కొంత ఆదాయం తగ్గినా పర్లేదు. ఏ లావాదేవీ లోపలికి రావాలో కొద్దిమంది బిల్డర్లే తేల్చడం నాకు అస్సలు నచ్చదు. రిలేలు కూడా లావాదేవీల్ని వడపోయనివే ఎంచుకున్నాను. రిలే సమయానికి బ్లాక్ వదలకపోతే ఆ 12 సెకన్ల స్లాట్ (నా వంతు సమయం) పోయినట్టే, ఆ టెన్షన్ మాత్రం ఉంది.

నా వంతు ఇంకా రాలేదు. వచ్చాక బిడ్ ఎంత పలికిందో చెబుతాను.