మెళియాపుట్టి వైపు అడవిలో గుర్రాల మీద రెండ్రోజులు తిరగాలంటే ఏమేం చూసుకోవాలి?

ఉలవచారు_బాబు:
మాకు శ్రీకాకుళం దగ్గర రెండు కాఠియావాడి గుర్రాలున్నాయి. పెళ్లిళ్లకు ఇవ్వం, ఊరి చుట్టూ ఇసుక దారుల్లో తిప్పడమే. మా బావమరిది, నేను కలిసి పాతపట్నం నుంచి మెళియాపుట్టి మీదుగా మందస వైపు కొండవారగా పోదామని ప్లాన్. తారురోడ్డు మీద కాదు, కర్ర లారీలు తిరిగే మట్టిదారుల్లో. ఫోన్ మ్యాపులో దారులు బాగానే కనిపిస్తున్నాయి. ఇలా తిరిగినవాళ్లుంటే చెప్పండి.

గెడ్డ_అవతల:
ఆ మ్యాపును అంతగా నమ్మకండి. అందులో సగం దారులు కర్ర తోలుకోవడానికి వేసుకున్నవి. నరుకుడు అయిపోయాక వాటిని ఎవరూ పట్టించుకోరు. ఒక్క వానాకాలం చాలు, కోసుకుపోయి గెడ్డలో, అంటే వాగులో తేలతాయి. ముందు బైకు మీద వెళ్లి దారి మొత్తం చూసి రండి. బైకు దిగి తొయ్యాల్సిన చోట్లన్నీ గుర్తు పెట్టుకోండి. గుర్రాన్ని కూడా అక్కడ దిగి నడిపించాల్సిందే.

టేకుమొక్క:
పర్మిషన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? రిజర్వు ఫారెస్టులోకి ఊరికే దూరితే 1967 నాటి ఏపీ అటవీ చట్టం కింద కేసు పెట్టొచ్చు. గుర్రాన్ని లోపల మేతకు వదిలినా పశువుల్ని మేపినట్టే లెక్క. రేంజ్ ఆఫీసులో దారి, తేదీలు, మనుషుల పేర్లు రాసి కాగితం ఇవ్వండి. ఆ దారి ఏ బీటులోకి (ఒక్కో ఫారెస్టు ఉద్యోగి చూసుకునే అడవి భాగం) వస్తుందో అడిగి, ఆ బీట్ ఆఫీసర్ నంబరు తీసుకోండి. ఇంకోమాట, ఆ కొండలు సరిహద్దు కొండలు. ఒడిశా వైపు దిగితే మన కాగితం చెల్లదు.

పశువుల_డాక్టరు:
నేను గుర్రాల కేసులు తక్కువే చూస్తాను గానీ, మీ ప్రశ్నలో నీళ్ల ఊసే లేదు కాబట్టి చెప్తున్నా. గుర్రానికి రోజుకు 25 నుంచి 40 లీటర్ల నీళ్లు కావాలి. ఎండలో ఎక్కితే ఇంకా ఎక్కువ. సంక్రాంతి దాటాక కొండ గెడ్డలు చాలావరకు సన్నబడిపోతాయి. కాబట్టి ముందు నీళ్లెక్కడున్నాయో చూసుకుని, మజిలీలు దాన్నిబట్టి పెట్టుకోండి. వ్యూ పాయింట్లు తర్వాత.

రెండోది బరువు. గుర్రం తన బరువులో ఐదో వంతు మొయ్యగలదని మామూలు లెక్క. మీది 350 కిలోలుంటే 70 కిలోలు, అందులోనే జీను, సంచులు, మీరూ. మీ బరువు చెప్పలేదు మరి!

దాణా హఠాత్తుగా మార్చొద్దు. ఇంట్లో ఏం తింటోందో అదే వెంట పట్టుకెళ్లండి. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో తేడా వస్తే శూల పట్టి దొర్లుతుంది, ఆ అడవిలో మా వాళ్లు వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. బయల్దేరే ముందు ధనుర్వాతం టీకా వేయించారో లేదో చూసుకోండి. గుర్రాలకు ఆ జబ్బు చాలా తేలిగ్గా వస్తుంది. కూపుల్లో, అంటే నరుకుడు జరిగే అడవి ముక్కల్లో వెదురు ఏటవాలుగా కొడతారు, ఆ మోళ్లు గడ్డిలో బల్లేల్లా నిలబడి ఉంటాయి. నీలగిరి నరికిన చోటా అంతే, మోడు పక్కనుంచి పిలకలేసి కప్పేస్తుంది. అలాంటి చోట దారి తప్పి పక్కకు పోకండి.

ఎస్‌కోట_కొండలు:
మా శృంగవరపుకోట పైన కొండ ఊళ్లకు ఇప్పటికీ రేషన్ బియ్యం, పసుపు బస్తాలు గుర్రాల మీదే ఎక్కుతాయి. చిన్న గుర్రాలే, కానీ రాళ్ల దారిలో వాటి కాలు జారదు. వాటిని తోలే కుర్రాళ్లెవరూ ఎక్కి స్వారీ చెయ్యరు, పక్కనే నడుస్తారు. మీరూ ఎక్కుడు వచ్చిన చోట దిగిపోండి. ఇసుకకు అలవాటైన గుర్రం డెక్క రాళ్ల మీద తొందరగా అరిగిపోతుంది. నాడాలు వేయించే వెళ్లండి. పల్లెల్లో ఎడ్లకు నాడాలు కొట్టేవాళ్లు దొరుకుతారు గానీ గుర్రం కాలు పట్టుకోమంటే దండం పెడతారు.

ఉలవచారు_బాబు:
డాక్టరు గారూ, నా బరువు 82. 😅 మా బావమరిది ఇంకా ఘనుడు. అయితే సామాన్లు వెనక బొలెరోలో పెట్టేసి, సగం దారి నడవడమే. ఎలుగుల మాటేంటి?

జీడితోట:
అసలు టెన్షన్ అదే. మందస, వజ్రపుకొత్తూరు జీడితోటల్లో ఎలుగులు పగలే తిరుగుతాయి. 2022 జూన్‌లో కిడిసింగిలో ఎలుగు మనిషిని చంపేసింది కదా. జీడిపండ్లు రాలే వేసవిలో అటు అసలు వద్దు. మిగతా నెలల్లో అయినా తెల్లారిన గంట దాకా, పొద్దుగూకాక తోటల్లోంచి పోకండి.

గెడ్డ_అవతల:
హిరమండలం, కొత్తూరు వైపు ఏనుగులున్నాయేమో కూడా కనుక్కోండి. వాసన తగిలితే గుర్రం మీ మాట వినదు. బయల్దేరిన పొద్దున ఫారెస్టు వాళ్లకు ఫోన్ చేస్తే గుంపు ఎక్కడుందో చెప్తారు.

లోడింగు_మేస్త్రీ:
నేను నీలగిరి కర్ర లోడింగులో పనిచేస్తా. లోడు లారీ దిగుడులో బ్రేకు వేసినా వెంటనే ఆగదు, అది గుర్రానికి తెలీదు. హారన్ వినబడగానే దిగండి. కళ్లెం పట్టుకుని కొండ వైపున నిలబడండి, లోయ వైపు కాదు. గుర్రం మొహం లారీ వైపే ఉంచండి, వెనకనుంచి చప్పుడొస్తే ఇంకా బెదురుతుంది. లోడింగు జరిగే చోట మేస్త్రీని కనుక్కుంటే ఏ పూట బళ్లు దిగుతాయో చెప్పేస్తాడు. ఒకసారి ఎవరో యూట్యూబ్ వాళ్లు మలుపు మధ్యలో గుర్రాన్ని నిలబెట్టి వీడియో తీసుకున్నారు. మా డ్రైవరు ఆరోజు ఏం తిట్టాడో ఇక్కడ రాయలేను.

ఉలవచారు_బాబు:
అందరికీ థాంక్స్. మందస దాకా వద్దనుకున్నాం. పాతపట్నం, మెళియాపుట్టి, మళ్లీ వెనక్కి. రాత్రి అడవిలో కాకుండా ఊళ్లో ఉండాలి. గుర్రాలు కట్టుకోడానికి చోటెవరైనా ఇస్తారా?

గెడ్డ_అవతల:
వరికోతలు, నూర్పులు అయ్యాక రండి. మా మావయ్య కళ్లం ఖాళీగా ఉంటుంది, గడ్డి కూడా ఉంటుంది. సవర గిరిజనుల ఊళ్లలో కందికొత్త పండగ (కొత్త కందుల పండగ) ఏ రోజు పెట్టుకున్నారో ముందు కనుక్కోవాలి, డప్పుల చప్పుడుకి మీ గుర్రాలు నిలబడవు. నీళ్లు బోరువి. కరెంటున్నప్పుడే వస్తాయి కాబట్టి డ్రమ్ములు పొద్దున్నే నింపించేస్తా. ఎన్నింటికి చేరుకుంటారో ముందురోజు ఒక్క ఫోన్ కొట్టండి.